ఎడమ గట్టు దారి



ఈసారి సైకిలు ప్రయాణం గురించి మాట్లాడతానని చెప్పగానే మా అత్తగారు చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే పట్టుకుని, "ఊరగాయలూ వడియాలూ అన్నీ అయిపోయాయేమిటే, సైకిలెక్కావు?" అన్నారు. ఆవిడ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. వినేవాళ్లలోనూ చాలామందికి అదే అనిపించవచ్చు. కాస్త ఓపిక పట్టండి. నేను చెప్పబోయేది పందేల్లో తొక్కే కుర్రాళ్ల సంగతి కాదు. నాలాంటి వాళ్లు, పిల్లలు పెద్దవాళ్లయి చేతికి కొంచెం తీరిక చిక్కినవాళ్లు, భయపడకుండా తొక్కగలిగిన ఒక కొండదారి సంగతి.

నాకు నలభై ఆరేళ్లు. పదో తరగతితో చదువు ఆపేశాను. ఆ పదో తరగతి వరకూ బడికి సైకిలు మీదే వెళ్లేదాన్ని. పెళ్లయ్యాక ఆ సైకిలు పుట్టింటి వసారాలో తుప్పు పట్టిపోయింది. మళ్లీ నలభై దాటాక, మా అమ్మాయి హాస్టలుకి వెళ్తూ ఇంట్లో వదిలేసిన సైకిలు తీసి, తెల్లవారుజామున బందరు కాలవ గట్టు వెంట తొక్కడం మొదలుపెట్టాను. పాలవాళ్లూ పేపరు కుర్రాళ్లూ తప్ప ఇంకెవరూ చూడని వేళ. మొదటి నెల్లాళ్లూ సిగ్గుతోనే సరిపోయింది. తరవాత సిగ్గు పోయింది గాని, లారీ భయం మాత్రం పోలేదు.

2022 అక్టోబరులో, దసరా వెళ్లిన రెండు వారాలకి, మా ఆయన ఎల్‌టీసీ మీద మేం ముగ్గురం హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ లోయకి వెళ్లాం. మనాలిలో గేర్ల సైకిళ్లు అద్దెకిచ్చే దుకాణాలున్నాయి. అక్కడినుంచి లేహ్ దాకా నాలుగు వందల పైచిలుకు కిలోమీటర్లు, పెద్దపెద్ద కనుమలు దాటుకుంటూ తొక్కుకుపోయేవాళ్లున్నారు. వాళ్లకో దణ్ణం. మేం అడిగింది ఒక్క పూట తొక్కడానికి. "కులూ దాకా వెళ్లండి, నలభై కిలోమీటర్లు, తిన్నగా రోడ్డే, అంతా దిగుడే" అన్నాడు దుకాణం కుర్రాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. కాని ఏ రోడ్డో అతను చెప్పలేదు, మేమూ అడగలేదు.

పెద్ద రహదారి ఎక్కాం. టాక్సీలు, ఢిల్లీ నుంచి వచ్చే పెద్ద బస్సులు, సరుకు లారీలు. వెడల్పు చేసిన రోడ్డు కావడంతో బళ్లు ఆగేది లేదు. మనం ఎడమ పక్కన వెళ్లాలి కదా, ఆ ఎడమ పక్కనే కింద నది. ఆరు కిలోమీటర్లయినా వెళ్లామో లేదో, ఒక టాక్సీ వెనకనుంచి హారను కొడుతూ నా మోచేతిని గాలితో నెట్టినంత దగ్గరగా దూసుకుపోయింది. నేను గట్టు రాళ్ల మీదికి ఒరిగి పడ్డాను. మోకాలు చెక్కుకుపోయింది, అంతే. కాని లేచి నిలబడి చూస్తే రాళ్లకి అవతల నేల లేదు, నురగలు కక్కే నీళ్లున్నాయి. కాళ్లు వణికాయి. మా ఆయన ఏమీ కోప్పడలేదు. "ఇంక చాలు, సైకిళ్లు ఇచ్చేద్దాం" అన్నారు. ఆయన ఎంత నెమ్మదిగా అంటే అంత ఖాయమన్నమాట.

పక్కనే ఉన్న టీ దుకాణంలో కూర్చున్నాం. దుకాణం నడిపేది ఒక నడివయసు ఆవిడ. తలకి రంగు గుడ్డ కట్టుకుని, ఒంటికి పట్టూ అని వాళ్లు చెప్పే ఉన్ని గళ్ల దుప్పటి చుట్టుకుంది. వెండి పిన్నులతో భుజాల దగ్గర బిగిస్తారు దాన్ని. నా మోకాలు చూసి నీళ్లిచ్చి, హిందీలో అడిగింది, "బెహన్‌జీ, ఈ రోడ్డు మీదికి ఎందుకొచ్చారు? సైకిలుకి అటు గట్టు కదా?" అని. వేలితో నది అవతలికి చూపించింది. అక్కడ కొండ మొదట్లో, ఆపిలు తోటల మధ్య, సన్నని గీతలాగా ఇంకో రోడ్డుంది. మేం చూస్తూనే ఉన్నాం. అది మనది అనుకోలేదు.

ఆ రోడ్డు పేరే లెఫ్ట్ బ్యాంక్ రోడ్డు. ఎడమ గట్టు దారి. ఎడమ ఎవరికి అని సందేహం వస్తుంది. నీళ్లు ఎటు పోతున్నాయో అటు ముఖం పెట్టి నిలబడితే మన ఎడమ చేతి వైపు ఉన్నది ఎడమ గట్టు. గోదావరికి రాజమండ్రి ఎడమ గట్టు, కొవ్వూరు కుడి గట్టు. కులూ లోయలో బియాస్ నది ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది గనక ఎడమ గట్టంటే తూర్పు గట్టు. ఈ బియాసే మన పురాణాల్లోని విపాశ. కొడుకుల్ని పోగొట్టుకున్న వసిష్ఠుడు దుఃఖం పట్టలేక తాళ్లతో తన్ను తాను కట్టుకుని నదిలో దూకితే, నది ఆ కట్లు తెంపి ఒడ్డున పడేసిందని మహాభారతం ఆదిపర్వంలో కథ. పాశాలు విప్పింది కనక విపాశ. మనాలికి ఎదురుగా, ఎడమ గట్టునే, వసిష్ఠ్ అనే ఊరు, ఆయన గుడి, వేడినీళ్ల గుండాలు ఉన్నాయి. ఆడవాళ్లకి వేరే స్నానాల గది ఉంది. సైకిలు తొక్కిన మర్నాడు ఒళ్లు నొప్పులకి దాన్ని మించిన మందు లేదు.

అసలు ఆ గట్టు రోడ్డు అంత నిమ్మళంగా ఎందుకుందని మా అమ్మాయి అడిగింది. నాకూ అదే ప్రశ్న. తిరిగొచ్చాక చదివీ, అడిగీ కొంత తెలుసుకున్నాను. ఇప్పటి పెద్ద ఊళ్లు రెండూ, అంటే కులూ బజారూ మనాలి బజారూ, కుడి గట్టున ఉన్నాయి. రెండు ఊళ్లనీ కలిపే రహదారి నది దాటకుండా ఆ గట్టునే సాగింది. బస్సులూ లారీలూ హోటళ్లూ దాని వెంటే చేరాయి. కాని పూర్వం సంగతి వేరు. కులూ రాజుల తొలి రాజధాని జగత్‌సుఖ్, తరవాతి రాజధాని నగ్గర్, రెండూ ఎడమ గట్టువే. పదిహేడో శతాబ్దంలో జగత్ సింగ్ అనే రాజు రాజధానిని నది దాటించి ఇప్పటి కులూకి తీసుకుపోయాడు. నాకనిపించేదేమిటంటే, ఆ రాజుగారు కొలువు మార్చిన రోజే ఎడమ గట్టు దారి పాతదారి అయిపోయింది. ఊళ్లున్నాయి, గుళ్లున్నాయి, తోటలున్నాయి, తొందర మాత్రం అవతలి గట్టుకి వెళ్లిపోయింది.

ఇది తెలిస్తే ఏ కొండ లోయకి వెళ్లినా మీరే చూసుకోవచ్చు. పటం తీసి పెద్ద ఊళ్లు నదికి ఏ పక్కనున్నాయో, లావు గీత ఏ పక్కన పోతోందో చూడండి. రెండో పక్కన సన్నగీత ఉంటే, రెండు చివరలా వంతెనలుంటే, అది మీలాంటి వాళ్ల కోసమే. అన్ని లోయల్లోనూ ఉండదు. ఇరుకు లోయల్లో ఒక్క రోడ్డుకే చోటు చాలదు. కులూ లోయ వెడల్పుగా ఉంది కాబట్టి రెండు రోడ్లు పట్టాయి.

సరే, మా ఆయన్ని ఒప్పించడానికి ఆ రాత్రి పట్టింది. మర్నాడు మనాలి వంతెన దాటి ఎడమ గట్టు ఎక్కాం. అలేవ్, ప్రీణీ అనే ఊళ్లు వస్తాయి మొదట. మాజీ ప్రధాని అటల్ బిహారీ వాజపేయి గారు వేసవికి వచ్చి ఉండే ఇల్లు ఆ ప్రీణీలోనే. ఆరు కిలోమీటర్లలో జగత్‌సుఖ్. రోడ్డు పక్కనే పాతకాలపు రాతి శివాలయం, చిన్నది. సైకిలు గోడకి ఆనించి దణ్ణం పెట్టుకునేంత దగ్గర. అక్కడినుంచి ఖాఖ్‌నాల్, గోజ్రా, హరిపూర్, సర్సయీ, ఆపైన నగ్గర్. మనాలి నుంచి నగ్గర్‌కి ఇంచుమించు ఇరవై ఒక్క కిలోమీటర్లు. దారి పొడుగునా ఆపిలు తోటలు. మేం వెళ్లినప్పటికి కాయ కోతలు అయిపోయి ఆకులు పసుపు తిరిగాయి. ఆకులు రాలిన కొమ్మలకి ఎర్రని టమాటాల్లాంటి పళ్లు వేలాడుతుంటే ఏమిటవి అనడిగాం, జపానీ ఫల్ అన్నారు. ఇళ్ల కప్పుల మీద మొక్కజొన్న కంకులు ఎండబోశారు. ఆడవాళ్లు వెన్ను మీద బుట్టల్లో చలికాలానికి పశువులకి గడ్డి మోసుకుపోతున్నారు. బళ్లు రాకపోలేదు. స్థానికుల కార్లు, జీపులు, గంటకో రెండో బస్సులు. కాని బెల్లు కొడితే వినిపించేంత నిశ్శబ్దం. సైకిలువాడికి కావలసింది అదే. వెనకనుంచి వచ్చే బండి కళ్లకి కనపడదు, చెవికే తెలియాలి. రహదారి మీద నేను పడడానికి కారణం టాక్సీ ఒక్కటే కాదు. అంత రొదలో అది వస్తున్నట్టే నాకు తెలియలేదు.

ఇంకో మంచి సంగతి మధ్యలో గాని తట్టలేదు నాకు. మనాలి నుంచి కిందికి, అంటే నీళ్లు పోయే వైపు వెళ్తున్నాం. ఎడమ గట్టున అలా వెళ్లేటప్పుడు నది మన కుడి చేతి వైపు ఉంటుంది. మన దేశంలో బండి నడిపేది ఎడమ పక్కన. అంటే మనం కొండని ఆనుకుని వెళ్తాం, లోతు అవతలి పక్కన ఉంటుంది. కుడి గట్టు రహదారి మీద దిగేటప్పుడు దీనికి సరిగ్గా ఎదురు. ముందురోజు నా పక్కన నీళ్లుండడానికి కారణం అదే. లోతు చూస్తే కళ్లు తిరిగేవాళ్లు ఈ దారిలో మనాలి నుంచి కులూకే వెళ్లాలి. కులూ నుంచి మనాలికి ఎక్కితే నది పక్కకి పడతారు. కొండ పక్కన ఉంటే మాత్రం మురుగు కాలవలోకి చక్రం జారకుండా చూసుకోవాలి. వాటికి అన్నిచోట్లా మూతలుండవు.

"అంతా దిగుడే" అన్నమాట నమ్మకండి. మనాలి ఎత్తు సుమారు 2,050 మీటర్లు, కులూ సుమారు 1,220. లెక్కకి నలభై కిలోమీటర్లలో ఎనిమిది వందల మీటర్లు దిగాలి. కాని పక్క కొండల మీంచి నాలాలు, అంటే సెలయేళ్లు, దిగివచ్చి బియాస్‌లో కలుస్తాయి. ప్రతి నాలా దగ్గరా రోడ్డు లోపలికి వంగి, వంతెన దాకా దిగి, మళ్లీ ఎక్కుతుంది. ఆ ఎక్కుళ్లు చిన్నవే గాని, వరసగా వస్తాయి. అక్కడ గేర్లు కావాలి. గేరంటే భయపడేవాళ్లకి వంటింటి భాషలో చెబుతాను. బరువైన రుబ్బురోలు పొత్రాన్ని ఒక్క గుంజు గుంజకుండా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తిప్పితే చెయ్యి నొప్పెట్టదు కదా, అదే ఇది. ఎక్కేటప్పుడు ముందు చిన్న పళ్లచక్రం, వెనక పెద్ద పళ్లచక్రం మీద చైను ఉండాలి. కాళ్లు ఎక్కువసార్లు తిరుగుతాయి, బలం తక్కువ పడుతుంది. ఎక్కుడు మొదలవక ముందే మార్చుకోవాలి. సగం ఎక్కి, బలంగా తొక్కుతూ మారిస్తే చైను కరకరమని జారిపోతుంది. నాకు రెండుసార్లు జారింది. చైను మళ్లీ ఎక్కించడం మా అమ్మాయికి తెలుసు గనక బతికాం. రానివాళ్లు ఇంటి దగ్గరే నేర్చుకుని బయల్దేరండి.

దిగేటప్పుడు బ్రేకు పట్టి ఉంచేయకూడదు. పట్టి వదిలి, పట్టి వదిలి దిగాలి. లేకపోతే రబ్బరు ముక్కలు వేడెక్కి పట్టు తగ్గుతుంది. ముందు చక్రం బ్రేకు ఏ చేతిదో సైకిలు తీసుకున్నప్పుడే చూసుకోవాలి. అన్ని సైకిళ్లకీ ఒకేలా ఉండదు. దిగుట్లో ముందుది ఒక్కటీ గట్టిగా నొక్కితే మనిషి హ్యాండిలు మీదినుంచి అవతల పడడం ఖాయం. మలుపుకి ముందే వేగం తగ్గించుకోవాలి, మలుపులో కాదు.

బట్టల మాట కూడా చెప్పాలి. చీర కుచ్చెళ్లు చైనుకీ, చక్రానికీ బహు ఇష్టం. నేను సల్వారు వేసుకుని, అడుగుని రబ్బరు బ్యాండ్లు బిగించి, చున్నీ ఇంట్లో పెట్టేసి వెళ్లాను. లోపల ఒక నూలు బట్ట, పైన స్వెట్టరు. ఎక్కుట్లో చెమట పడుతుంది, దిగుట్లో ఆ చెమటే చల్లబడి వణికిస్తుంది. తీసి వేసుకోవడానికి వీలుండాలి.

గాలి సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. కొండ లోయల్లో పొద్దెక్కాక గాలి కిందినుంచి పైకి వీస్తుంది. ఎండకి కొండవాలు వేడెక్కి, గాలి పైకి లేస్తుంటే ఆ చోటు నింపడానికి లోయ కిందినుంచి గాలి ఎక్కి వస్తుంది. రాత్రి కొండలు చల్లబడితే గాలి దిగివస్తుంది. అందుకని పొద్దున్న దిగితే గాలి మన వెనక ఉంటుంది, మధ్యాహ్నం దిగితే ముఖానికి కొడుతుంది. పొద్దున్నే బయల్దేరదామంటే ఎడమ గట్టుకి తూర్పు కొండ అడ్డం, ఎండ ఆలస్యంగా పడుతుంది. అక్టోబరులో వేళ్లు కొంకర్లు పోతాయి, బ్రేకు నొక్కలేం. మేం ఎనిమిదిన్నరకి కదిలాం. అది సరిపోయింది.

నగ్గర్ దగ్గర దిగి నడవడానికి సిగ్గుపడకండి. కోట దగ్గరికి చివర మంచి ఎక్కుడు. నేను సైకిలు నెట్టుకుంటూనే వెళ్లాను. ఆ కోట చూడదగ్గది. ఒక వరస రాయి, ఒక వరస దేవదారు దూలం, మళ్లీ రాయి, మళ్లీ దూలం. మధ్యన సున్నం లేదు. 1905 ఏప్రిల్‌లో కాంగ్రా భూకంపానికి ఆ ప్రాంతమంతా అతలాకుతలమైతే ఇది నిలబడింది. బిగిసిపోయిన గోడ విరుగుతుంది, కొంచెం కదలడానికి వీలున్న గోడ ఊగి ఊరుకుంటుంది. ఇప్పుడు అందులో ప్రభుత్వ హోటలు ఉంది. వసారాలో కూర్చుని సిడ్డూ తిన్నాం. గోధుమపిండి పులియబెట్టి, లోపల గసగసాలో అక్రోటు ముద్దో పెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. మన కుడుముకి పెత్తల్లి కూతురనుకోండి. పైన నెయ్యి పోస్తే తప్ప వాళ్లు ఒప్పుకోరు. నేనూ అభ్యంతరం చెప్పలేదు.

కోటకి పైన నికొలాయ్ రోరిక్ అనే రష్యన్ చిత్రకారుడి ఇల్లుంది. 1928 నుంచి 1947లో పోయేవరకూ ఆయన ఆ మంచుకొండల్నే చిత్రిస్తూ అక్కడ ఉండిపోయాడు. ఆయన చిన్న కొడుకు స్వెతొస్లావ్‌ని 1945లో పెళ్లాడిన ఇల్లాలు ఎవరో తెలుసా? దేవికారాణి. మన సినిమాకి తొలి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆవిడకే ఇచ్చారు. బెంగాలీ ఆవిడే, కాని పుట్టింది మన వాల్తేరులో, 1908లో. సముద్రం ఒడ్డున పుట్టి ఈ కొండకి కోడలై వచ్చిందన్నమాట అని నేను అంటుంటే, మా ఆయన, "ముందు రోజు పడ్డ మనిషి ఈవిడేనా" అన్నట్టు నా ముఖం వంక చూశారు.

నగ్గర్‌తో ఆపేద్దామనుకునేవాళ్లు అక్కడినుంచి కిందికి పత్లీకూహల్ వంతెనకి దిగి, నది దాటి బస్సెక్కేయవచ్చు. కొత్తవాళ్లకి నేను చెప్పేది అదే. మేం మాత్రం ఎడమ గట్టునే కాయిస్ మీదుగా కులూ దాకా వెళ్లాం. రెండో సగం మొదటిదానంత అందంగా లేదు. ఊళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, కులూ దగ్గరపడే కొద్దీ బళ్లు పెరుగుతాయి. చివరి మూడు కిలోమీటర్లూ నడిపించుకుంటూ పోయాం. సాయంత్రం బస్సు టాపు మీద సైకిళ్లు కట్టించి మనాలికి తిరిగి వచ్చాం.

ఎప్పుడు వెళ్లాలంటే, మే, జూన్ నెలల్లో రెండు గట్లూ కార్లతో నిండిపోతాయి. జూలై, ఆగస్టు వానలకి కొండచరియలు జారతాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఆపిలు లారీలు. దసరా రోజుల్లో కులూకి వెళ్లకండి. మనకి విజయదశమితో అయిపోతే వాళ్లకి ఆ రోజే మొదలై వారం సాగుతుంది. మనాలి నుంచి హిడింబాదేవి సహా ఊరూరి దేవతలూ పల్లకీలెక్కి వస్తారు. చూడడానికి కన్నుల పండుగే, సైకిలుకి చోటుండదు. అది ముగిశాక, అక్టోబరు రెండో సగమే మంచిది.

మేం వచ్చిన మరుసటి ఏడాది, 2023 జూలైలో, బియాస్ పొంగి కుడి గట్టు రహదారిని చాలాచోట్ల కోసుకుపోయింది. టీవీలో చూశాను. నేను పడ్డ చోటు ఏదో కూడా గుర్తుపట్టలేకపోయాను. ఆ టీ దుకాణం ఉందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. అప్పుడు చిన్న బళ్లన్నిటినీ ఎక్కడికి మళ్లించారనుకున్నారు? ఎడమ గట్టుకే. 2025 ఆగస్టులోనూ నది మళ్లీ రహదారిని తినేసింది. నేను బెల్లు కొడితే వినిపించిన ఆ సన్న రోడ్డు లోయ మొత్తం బరువూ మోయవలసి వచ్చింది. గడ్డి మోపులతో రోడ్డంచున నడిచే ఆ ఆడవాళ్లు ఏం చేశారో, బళ్లకి ఎక్కడ తప్పుకున్నారో అని నాకు ఆలోచన. వాళ్లకి అది విహారపు దారి కాదు, ఇంటి ముంగిలి. ఆ గట్టు నిశ్శబ్దం ఈ గట్టు రోడ్డు బాగున్నంతవరకేనని అప్పుడుగాని నాకు తెలియలేదు.

కాబట్టి మీరెవరైనా వెళ్తే, సైకిలు అద్దెకిచ్చేవాణ్ణి బ్రేకుల గురించీ గేర్ల గురించీ అడిగే ముందు, "అవతలి గట్టు రహదారి తెరిచి ఉందా?" అని అడగండి. ఉందంటే వంతెన దాటి ఎడమ గట్టుకి వెళ్లండి. మూసేశారంటే ఆ పూట సైకిలు వద్దు. వసిష్ఠ్‌లో వేడినీళ్ల స్నానం చేసి, గుడి అరుగు మీద కూర్చుని, ఎదురుగా రెండు గట్లనీ చూసి రండి.